వేదికల నిషేధము - చిల్లర వర్తకుల గతి

2020 సంవత్సరము జూను 29వ తేదీ రాత్రి కేంద్రప్రభుత్వమువారు చీనాదేశ సంబంధముగల 59 యాపులను నిషేధించుచు ఉత్తరువు గావించిరి. అందు టిక్‌టాక్ ముఖ్యమైనది. దానికి రెండువారములకు ముందు, జూను 15వ తేదీన, గాల్వాన్ లోయలో జరిగిన ఘర్షణయందు 20 మంది భారతసైనికులు ప్రాణములర్పించిరి. వారి నాయకుడు కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట వాసి. ఖమ్మము సీమకు పొరుగువాడు. ఆ దినములలో తెలుగుప్రజ యెంత దుఃఖించినదో, ఎంత క్రోధించినదో పాఠకులు మరచియుండరు. దేశరక్షణార్థము ఒక విదేశవ్యాపారమును వెడలగొట్టు అధికారము ప్రభుత్వమునకు కలదా యను ప్రశ్నను మేమిచట లేవనెత్తుట లేదు. కలదు. అట్టి అధికారము లేని ప్రభుత్వము ప్రభుత్వమే కాజాలదు.

మేము చెప్పదలచినది వేరు. నిషేధమువలన కంపెనీకి గలుగు నష్టమును లెక్కకట్టుటకు ఎందరో కలరు. 2019 ఏప్రిలులో మద్రాసు హైకోర్టు ఈ యాపుపై తాత్కాలికముగా ఆంక్ష విధించినప్పుడు, దినమునకు 5 లక్షల డాలర్లు నష్టపోవుచున్నామని కంపెనీవారే సుప్రీంకోర్టునకు విన్నవించుకొనిరి. మూడువారములకే ఆ ఆంక్ష తొలగినది. కోట్లకు పడగెత్తినవానికి వకీళ్లుందురు, లెక్కలవాండ్రుందురు. ఆ వేదికపై చిన్న అంగడి పరచుకొన్న మనవానికి గలిగిన నష్టమును అడిగినవాడు లేడు, వ్రాసినవాడు లేడు. ఒకచోట దుకాణము పెట్టుకొన్నవాడు తెల్లవారి లేచి చూచునప్పటికి దుకాణమే కాదు, వీధియే లేకుండెనన్నచో వాని గతి యేమి? ఈ సంగతి ఆరేండ్లనాటిదని కొట్టివేయరాదు. నిషేధాజ్ఞ రేపు మరియొక వేదికపై రావచ్చును; నేటి చిల్లర వర్తకము నిన్నటికంటె నెక్కువగా ఈ వేదికల నాశ్రయించియున్నది.

ఉదాహరణమునకు చండ్రుగొండ వంటి యూరిని దలచుకొందము. అది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నొక మండలకేంద్రము; 2016 అక్టోబరువరకు ఖమ్మము జిల్లాలోనిది. ఒకప్రక్క ప్రత్తి, మిరప, మామిడి, పామాయిలు తోటలు, మరియొకప్రక్క అడవి. కోయగూడెములు, లంబాడీ తండాలు అడవి నంటిపెట్టుకొనియున్నవి. తునికాకు, ఇప్పపువ్వు, తేనె, చింతపండు అడవిచ్చు సంపద. ఇట్టి సీమలో వర్తకమనగా వారపుసంత. సంతలో సరకుకంటె ముఖ్యమైనది ముఖపరిచయము. ఫలానావాని మిరపనారు మంచిది, ఫలానా యామె కుట్టిన రవిక కుదురుగా నుండును అని నలుగురు చెప్పుకొనుటయే అచటి ప్రకటన. ఆ ప్రకటనకు రూపాయి ఖర్చు లేదు. అయితే అది సంతకు వచ్చినవారి చెవిని దాటి పోదు.

2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతట రాకపోకలు స్తంభించెను. సంతలు మూతపడెను. పెండ్లిళ్లు నిలిచెను, పెండ్లిళ్లతోడ పందిళ్లవారు, వంటవారు, డప్పులవారు, ఫోటోలవారు చేతులు ముడుచుకొని కూర్చుండిరి. ఆ మూడునెలలలో చేతిలోని ఫోనే సంతయై, వీధియై, చావడియైనది. ఆ కాలమున టిక్‌టాక్‌కు మనదేశమున సుమారు 20 కోట్లమంది వాడుకదారులుండిరి. సరిగ్గా ఆ వేళనే వేదిక తొలగినది.

ఇచట నొక్క సంగతిని విడమరచి చెప్పవలసియున్నది. టిక్‌టాక్ పోయిన నేమి, ఫేస్‌బుక్ లేదా, వాట్సాప్ లేదా యని పట్టణవాసులు తేలికగా ననుచుందురు. వాట్సాప్‌లో మన మాట మనల నెరిగినవారికే చేరును. ఫేస్‌బుక్‌లో మొదట స్నేహితుల గుంపు కూడవలెను, అక్షరము వచ్చియుండవలెను. టిక్‌టాక్ పద్ధతి యట్టిది కాదు. ఎవడో తెలియనివాడు తీసిన యరనిముసపు చిత్రమును తెలియని వేలమందికి అదియే చూపించెడిది. నచ్చినచో మరికొన్ని వేలమందికి. పరిచయములేనివానికి పరిచయము గల్పించుటయే దాని వ్యాపారరహస్యము. చదువురానివాడును, బంధుబలగము లేనివాడును, పట్టణపు మొగమెరుగనివాడును అచట కాలూనుకొనగలిగెనన్న అందుకు కారణమిది. కొమ్ములు ధరించి కోయలాడు నృత్యమైనను, వెదురుబుట్ట నల్లు చేతులైనను ఊరుదాటి కనబడుటకు దారి యేర్పడినది. అందులో చెత్త లేదని మేమనము. కావలసినంత గలదు. ప్రాణాపాయకరమైన చేష్టలు, బాలబాలికలు చూడరాని దృశ్యములు అందు చేరినవనియే మద్రాసు హైకోర్టువారు ఆగ్రహించిరి. ఆ యాగ్రహము అకారణము కాదు. అయినను సంతలో జూదరులున్నారని సంతను మూయించునప్పుడు, కూరగాయల గంప దించుకొన్న ముసలామెను గూర్చి యొక్కమాట అనుకొనుట ధర్మము గదా.

వర్తకునకు మూలధనము డబ్బొక్కటియే కాదు. తన నెరిగినవారి సంఖ్యయు మూలధనమే. రెండేండ్లు కష్టపడి వేయిమందిని తనవైపు తిప్పుకొన్నవాడు, ఆ వేయిమంది పేర్లనుగాని ఫోను నెంబర్లనుగాని తనకడ నుంచుకొనలేదు. అవి వేదికవాని ఖాతాలోనున్నవి. ఒక వేదికనుండి మరియొక వేదికకు అనుచరులను తోడుకొనిపోవు మార్గమేదియు లేదు. పెద్ద కంపెనీలకిది చీమకుట్టినట్లు. నాలుగు వేదికలపై నాలుగు అంగళ్లు తెరచుకొని, ప్రతిదానికి జీతగాండ్రను నియమించుకొన్నవారు ఒకటి మూతపడిన మూడింట బ్రదుకుదురు. రాత్రివేళ కుట్టుయంత్రము కట్టిపెట్టి, బిడ్డలను నిదురపుచ్చి, అప్పుడు చిత్రము తీసికొను స్త్రీకి నాలుగు వేదికలు నడుపు తీరిక యెక్కడిది? ఒక్కటే యంగడి; అదిపోయిన సర్వమును పోయినట్లే.

నిషేధింపబడిన 59 యాపులలో జనులు మరచినవి కొన్ని గలవు. అవియే పల్లెలకు మరింత యుపయోగపడినవి. షేర్‌ఇట్, జెండర్ అనునవి డేటా ఖర్చులేకుండ ఒక ఫోనునుండి మరియొక ఫోనునకు పాఠములను, చిత్రములను పంపుటకు పనికివచ్చెడివి. టవరు సరిగా నందని గూడెములలో వాని విలువ యేమో అచట పనిచేసినవారికి తెలియును. ఒక కార్యకర్త మండలకేంద్రములో పాఠమును దింపుకొని, గూడెమునకుబోయి పదిమంది ఫోనులకు ఎక్కించి రాగలిగెడివాడు. కామ్‌స్కానర్ ఉన్నచో కాగితమును ఫోనుతోనే నకలుతీసి పింఛను దరఖాస్తునకు జతచేయవచ్చును. హెలో అనునది తెలుగు మొదలగు దేశభాషలలో నడచిన వేదిక. బడులు మూతపడిన కాలమున, సేవాసంఘములవారికి ఈ పనిముట్లన్నియు నొక్కదినముననే చేజారినవి. వీనికి బదులు వేరు పనిముట్లు తరువాత దొరకినమాట నిజమే. దొరకువరకు జరిగిన జాగు ఎవరి పద్దున వ్రాయబడినది?

లాభాపేక్షలేని సంఘములనుగూర్చి మరికొంత చెప్పవలెను. వానికి అమ్ముకొన సరకు లేదు గనుక నష్టమును రూపాయలలో చెప్పుట కష్టము. అందుచేతనే వాని మాట యెవరును తలపెట్టరు. మన్యపు గిరిజనులలో సికిల్‌సెల్ రక్తహీనత గలదు. దాని నిర్మూలనకు 2023 జూలై 1వ తేదీన కేంద్రమువారు ప్రత్యేక ప్రణాళిక నారంభించిరి. రోగి కొకనికి రాత్రి పదిగంటలకు రక్తము కావలసివచ్చినచో నేడు రక్తదాతల సంఘములు వెదకునది ఫోనులోనే. 2021 వేసవిలో ప్రాణవాయువు సిలిండరుకొరకు, ఆసుపత్రిలో మంచముకొరకు జనులు సామాజిక మాధ్యమములలో మొరపెట్టుకొనుట పాఠకులు చూచియేయున్నారు. అట్లు మొరపెట్టుకొన్నవారిని అణచరాదని, అణచినచో కోర్టుధిక్కారముగా నెంచెదమని ఆ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీన సుప్రీంకోర్టువారు హెచ్చరించిరి. ఆ వారములలో వేదిక యొక్కటి హఠాత్తుగా మూయబడియున్నచో మానవప్రాణములకే ముప్పు వాటిల్లెడిది.

ఇక శాసనము మాట. ఈ నిషేధమునకు ఆధారము 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక శాసనములోని 69ఎ ప్రకరణము. దానిక్రింద 2009లో నియమములు చేయబడినవి. 8వ నియమమును జూడుడు: సమాచారము నుంచిన వ్యక్తిని గాని, మధ్యవర్తియైన సంస్థను గాని గుర్తించి, 48 గంటలకు తక్కువకాని గడువుతో నోటీసు పంపవలెనట. ఈ 'గాని' అను చిన్నమాటలో చిన్నవాడు జారిపోయినాడు. కంపెనీకి నోటీసు ముట్టినచో శాసనము తృప్తిపడును, అంగడివానికి ముట్టనక్కరలేదు. అత్యవసరమైనచో 9వ నియమము ప్రకారము ముందు నోటీసు లేకయే తాత్కాలికముగా మూయవచ్చును, 2020లో జరిగినదిట్లే. 2021 జనవరిలో నిషేధము శాశ్వతము చేయబడెను. ఈ నడుమ ప్రభుత్వమునకును కంపెనీలకును ప్రశ్నోత్తరములు నడచినవి. పైగా 16వ నియమము ఈ వ్యవహారమంతయు రహస్యముగా నుంచవలెనని శాసించుచున్నది. నష్టపడినవానికి తన నష్టమునకు కారణమైన కాగితమును చూచు హక్కైనను లేకపోవుట న్యాయమని మేమొప్పుకొనజాలము.

ఇదే దేశమున, ఇదే పార్లమెంటు చేసిన మరియొక శాసనము గలదు. 2014 నాటి వీధివర్తకుల శాసనము. బండిమీద అరటిపండ్లమ్ముకొను ధ్రువపత్రముగల వర్తకుని వాని చోటునుండి తొలగింపవలెనన్నచో 30 దినముల నోటీసు ఈయవలెనని ఆ శాసనము చెప్పుచున్నది. ఎంత యుచితమైన యేర్పాటు! బస్టాండుకడ బండినిలిపినవానికి ముప్పదిదినముల గడువు. ఫోనులో బండి నిలిపినవానికి ముప్పది నిముసములైనను లేదు. ఇద్దరును ఒక్క యూరివారే, ఒక్క సరకే యమ్ముచుందురు. ఒకవేళ ఒక్క మనిషియే కావచ్చును. 2020 జూనులోనే కేంద్రమువారు వీధివర్తకులకు 10 వేల రూపాయల అప్పిచ్చు పథకము నారంభించిరి. ఒకచేత బండికి పెట్టుబడియిచ్చి, రెండవచేత ఆ బండివాని ప్రకటనపలకను పెరికివేయుట ఒక్క నెలలోని ముచ్చటయే.

రాజ్యాంగపు 19వ అధికరణము భావప్రకటనకే కాక వృత్తివ్యాపారములకును స్వాతంత్ర్యమిచ్చినది. ఇంటర్నెట్టు ద్వారమున జరుగు భావప్రకటనకును, వ్యాపారమునకును ఆ రక్షణ గలదని 2020 జనవరి 10వ తేదీన, కాశ్మీరు సంబంధమైన అనురాధా భాసిన్ వ్యాజ్యమున, సుప్రీంకోర్టువారు తీర్పుచెప్పిరి. ఆంక్షయు అవసరమునకు తగినంతయే యుండవలెననియు, ఉత్తరువులను ప్రకటింపవలెననియు అందు గలదు. ఆ తీర్పు వెలువడిన ఆరునెలలలోపలనే ఈ నిషేధము వచ్చినది. చిల్లర వర్తకుడు హైకోర్టునకు పోరాదా యని యడుగువారికి మా ప్రత్యుత్తరమిది: చండ్రుగొండనుండి హైదరాబాదునకు పోవు బస్సుచార్జీ ఆలోచించినవాడు ఆ ప్రశ్న వేయడు.

పూర్వపు మాట యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1910 నాటి పత్రికాశాసనము క్రింద తెల్లదొరలు ముద్రణాలయములనుండి జామీనులు లాగుకొని, జప్తుచేయుచుండిరి. ఆ శాసనము దుర్మార్గమైనది. అయినను జప్తు జరిగిన రెండునెలలలోపల హైకోర్టున మొరపెట్టుకొను అవకాశము అందుండెను. 1916లో అనిబీసెంటమ్మ 'న్యూ ఇండియా' పక్షమున మద్రాసులో అట్లు మొరపెట్టుకొని యోడిపోయెను. పోలిక పూర్తిగా అతకదు; అచట పోయినది పత్రిక, ఇచట పోయినది పత్రికలో ప్రకటన వేసికొన్నవాని బ్రదుకు. పరాయిప్రభుత్వపు శాసనమున గల మొరపెట్టుకొను వాకిలి, కనీసము పేరునకైనను, స్వరాజ్యశాసనమున చిన్నవానికి ఏల యుండరాదని మా ప్రశ్న.

ఇది స్వదేశీయని యప్పుడు చాలమంది సంబరపడిరి. స్వదేశీయన్న మాట తెలుగువారికి క్రొత్తది కాదు. 1905 తరువాత విదేశవస్త్రములను తగులబెట్టినవారే రాట్నమును తిప్పిరి. 1925లో అఖిలభారత చరఖా సంఘము నేర్పరచి నూలుకొని, నేయించి, అమ్మించిరి. బహిష్కారముతోపాటు బదులుసరకు నిచ్చిరి. 2020లో నేమి జరిగినది? జూలై 8వ తేదీన, పదిదినములు తిరుగకమునుపే, ఇన్‌స్టాగ్రామ్ రీల్సును మనదేశమున ప్రవేశపెట్టెను. సెప్టెంబరు 14వ తేదీన యూట్యూబు షార్ట్సును ఇచటనే ప్రారంభించెను. రెండును అమెరికావారివి. చీనావాడు ఖాళీచేసిన యింట అమెరికావాడు చేరెను; మనవాడు మునుపటివలెనే అద్దెకున్నాడు. చింగారి, మోజ్, జోష్, టకాటక్ అని మనవారు తెరచిన వేదికలు కొన్ని గలవు. టకాటక్ 2022లో మోజ్‌లో కలిసిపోయెను. దేశభాషలలో నడచిన కూ అను వేదిక 2024 జూలైలో మూతపడెను. ఉత్సాహముతో పిలువబడిన స్వదేశీ వేదికలకు పెట్టుబడి కరవైన సంగతి నెవరును సంబరముతో ప్రకటింపలేదు.

ఇతరదేశములలో నేమి జరిగినదో చూతము. అమెరికావారును టిక్‌టాక్‌పై శాసనము చేసిరి. 2024 ఏప్రిలు 24వ తేదీన అధ్యక్షుడు సంతకముచేసెను. అమలునకు 270 దినముల గడువిచ్చిరి. ఆ గడువులో కంపెనీయే కాక, ఆ వేదికపై జీవించు సామాన్యులును వాదులై సుప్రీంకోర్టువరకు పోయి తమ మొర వినిపించుకొనిరి. 2025 జనవరి 17వ తేదీన కోర్టువారు శాసనమునే సమర్థించిరి, సామాన్యు లోడిపోయిరి. అయినను వారి మాట వినబడినది. చిల్లర వ్యాపారములకు ఒక్క నెలలో నూరుకోట్ల డాలర్లకు మించిన నష్టము గలుగునని కంపెనీ చెప్పుకొన్న లెక్కను మేము పూర్తిగా నమ్ముట లేదు, కంపెనీ లెక్క కంపెనీకి అనుకూలముగానే యుండును. అట్టి యొక లెక్కయైనను న్యాయస్థానము ముందుకు వచ్చినది గదా. మన పొరుగున నేపాళమువారు 2025 ఆగస్టు చివర వేదికలకు నమోదుకొరకు ఏడుదినముల గడువు పెట్టి, సెప్టెంబరు 4వ తేదీన ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబు మొదలుగా 26 వేదికల నొక్కుమ్మడిగా మూసిరి. పరదేశములలో కూలిచేయు బిడ్డల మాట వినుటకు తల్లులకు దారి లేకపోయెను. అవినీతిపై అదివరకే కుములుచున్న యువజనము 8వ తేదీన వీధులకెక్కెను. ఆ యొక్కదినముననే 19 మంది మరణించిరి. నిషేధము ఎత్తివేయబడెను, మరునాడు ప్రధానమంత్రి ఓలీ రాజీనామా యిచ్చెను. నిషేధమొక్కటియే దీనికి హేతువనుట తప్పు. అయినను లక్షలాది గృహముల నిత్యవ్యవహారముపై ముందువెనుక లాలోచింపక చేయివేసిన ఫలమిట్లుండునని ప్రభుత్వములు గ్రహించుట మంచిది.

ముందుగా గడువిచ్చినచో శత్రువునకు అవకాశమిచ్చినట్లు కాదా యని యొక యాక్షేపణ గలదు. బలమైన యాక్షేపణయే. దేశరహస్యములు దాటిపోవునను భయమున్నచో క్రొత్త సమాచారము పోకుండ ఆ రాత్రియే కట్టడిచేయవచ్చును. తాను తీసికొన్న చిత్రమును తాను దింపుకొనుటకును, తన కొనుగోలుదారులకు ఫలానాచోటికి మారితినని యొకమాట చెప్పుకొనుటకును ముప్పదిదినములు వాకిలి తెరచియుంచినచో ఏ సరిహద్దు కూలిపోవును? నిప్పంటుకొన్న యింటినుండియు సామాను బైటవేసికొనుటకు యత్నింతురు గదా.

దీనికి శాసనపు దారి యొకటి ఏర్పడియు తప్పిపోయినది. తన సమాచారమును ఒక సంస్థనుండి మరియొక సంస్థకు తోడుకొనిపోవు హక్కు 2019లో పార్లమెంటు ముందుంచిన సమాచారరక్షణ బిల్లులో నుండెను. 2023లో చేయబడిన శాసనమున నది లేదు. ఏల తొలగించిరో ప్రజలకు నచ్చునట్లు చెప్పిన వారిని మేమెరుగము. ఆ హక్కున్నచో వేదికను మూసినది ప్రభుత్వమైనను, కంపెనీయైనను చిన్నవాని చేతిలో కొంత మిగులును. కంపెనీలు మూయుట మరొక కథ. వాట్సాప్‌వారు నెలనెలా లక్షలకొలది భారతీయుల ఖాతాలను మూయుచున్నట్లు తామే ప్రకటించుచున్నారు. అందు మోసగాండ్రే యెక్కువయుందురు. పొరబాటున మూయబడినవారికి 2023 జనవరిలో మూడు అప్పీలు కమిటీలు నియమింపబడినవి. కంపెనీ చేసిన తప్పునకు అప్పీలు గలదు. ప్రభుత్వము వేదికనే మూసినప్పుడు వాడుకదారునకు అట్టి కమిటీ లేదు.

చిల్లర వర్తకులకును ఒకమాట. పరుల పెరటిలో పాదు పెట్టినవాడు విత్తనములైనను తన యింట దాచుకొనవలెను. పాతకాలపు కోమటి యొక ఎర్రబట్ట ఖాతాపుస్తకమునందు ఊరంతటి పేర్లు వ్రాసికొనెడివాడు. దుకాణము కాలినను పుస్తకము చంకనుండెడిది. కొనినవాని పేరు, ఊరు, ఫోను నెంబరు వ్రాసియుంచుకొనుటకు ఏ యాపును అక్కరలేదు. ఒంటరిగా చేయలేనివారు సంఘముగా చేయవచ్చును. భద్రాచలపు గిరిజన మహిళలు చిరుధాన్యములతో బిస్కట్లు చేసి 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' అను పేర అమ్ముచుండుటను 2025 జూను నాటి ఆకాశవాణి ప్రసంగమున ప్రధానమంత్రియే కొనియాడిరి. ఆ సరకు పేరు వారిది, సంఘము వారిది. ఏ వేదిక మూతపడినను ఆ రెండును మూతపడవు. భద్రాచలములోని గిరిజనాభివృద్ధి సంస్థవారు మన్యపు ఉత్పత్తిదారులందరి పేర్లతో, సరకులతో నొక పట్టికను తామే నిర్వహించి, ఏ వేదికపైనైనను పెట్టుకొనుటకు వీలుగా నుంచినచో నది పెద్ద ఖర్చుకాదు.

2025 ఆగస్టులో టిక్‌టాక్ తిరిగివచ్చుచున్నదని పుకారు పుట్టగా నిషేధము తొలగింపలేదని ప్రభుత్వవర్గములు వెంటనే ఖండించెను. అంత త్వరితముగా ఖండింపగలిగినవారు, ఆ నిషేధమువలన జీవనోపాధి చెడిన భారతీయ వర్తకులెందరో, సేవాసంఘము లెన్నియో ఒకసారి గణింపజేయుట అసాధ్యము కాదు. చండ్రుగొండ మండలము అశ్వారావుపేట నియోజకవర్గమున, ఖమ్మము లోక్‌సభాస్థానమున చేరియున్నది. రాబోవు సమావేశములలో ఖమ్మము సభ్యులు ఈ రెండు ప్రశ్నలను కేంద్రమంత్రిని వ్రాతమూలకముగా అడుగవలెనని కోరుచున్నాము: 2009 నియమములలోని 'గాని'ని తొలగించి వాడుకదారునకును నోటీసు ఇత్తురా? సమాచారమును తోడుకొనిపోవు హక్కును 2023 శాసనమున తిరిగి చేర్తురా?